గొంగడి ఉన్ని తాడు

స్నానాల గది తలుపు ఇంకా తెరుచుకోలేదు. లోపల నీళ్ళు పోసుకుంటున్న చప్పుడు వస్తోంది. ఆదిశేషయ్య వరండా ఈ కొసన, వంటగది గడప పక్కన గోడకు ఆనుకొని నిలబడి ఆ చప్పుడే వింటున్నాడు. ఇవి భుజాల మీద పోసుకున్న నీళ్ళు, ఇవి తల మీద, ఇప్పుడు ఆగింది, ఆగిందంటే గోవిందనామాలు చెప్పుకుంటోంది, నామాలు అయ్యాక తడిచీర చుట్టుకుంటుంది, చుట్టుకొని తలుపు తీస్తుంది. తీసి ఆ కొస నుంచి ఈ కొస దాకా, షాబాదు బండలు పరిచిన ఈ పొడుగాటి వరండా మీద, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఒక్కతే నడిచి రావాలి అనంతలక్ష్మమ్మ. వస్తే ఈ ఇంట్లోనే ఉంటుంది. మధ్యలో కూలబడితే, వీధి వాకిట్లో తడుస్తూ నిలబడ్డ టాంగాలో ఆమెను సర్కారు దవాఖానకు తీసుకుపోతారు. అక్కడ మడి ఉండదు, తన పొయ్యి తనకు ఉండదు, ఇంకొకరు వండింది ఆమె నోట పెట్టదు. అంటే ఆమెను పంపేది వైద్యానికి కాదు, పస్తు పండుకోబెట్టడానికి. ఈ మాట నిన్న సాయంత్రం అటు తిప్పి ఇటు తిప్పి ఎన్ని విధాల చెప్పినా వకీలు వెంకట్రావు వినలేదు, తన ఎదుట నడిచి చూపిస్తేనే ఉంచుతానన్నాడు. ఆయన ఈ వృద్ధుల ఇంటి కమిటీకి పెద్ద, ఆదిశేషయ్య ఆ కమిటీ పెట్టిన మేనేజరు. కాబట్టి భయం వేయాలి. వేస్తోంది కూడా. కానీ ఆ భయం అడుగున ఇంకొకటి ఉంది, పెళ్ళివారింట్లో మేళం మొదలయ్యే ముందు డోలు వాయించేవాడు ఊరికే వేళ్ళతో తట్టి చూసుకుంటాడే, అలాంటి చప్పుడు ఒకటి ఛాతీలో ఎక్కడో మెల్లగా మోగుతోంది. పొద్దున లేచినప్పటి నుంచీ మోగుతోంది. దాన్ని ఆపుకోవడం ఆయన వల్ల కావడం లేదు.

శ్రావణం వాన. ఎడతెగకుండా, కోపం లేకుండా, పని చేసుకుపోయే మనిషిలా కురుస్తోంది. ముందువైపు రేకుల మీద దాని చప్పుడు, నడిమి వాకిట్లో ఇంకో రకం చప్పుడు, తులసికోట పక్కన బోర్లించిన డేగిసా గిన్నె మీద మూడో రకం. మిల్లు భోంగా ఇందాకే కూసింది. ముద్ఖేడ్ వైపు పోయే బండి గోదావరి మీది గాలిని చీల్చుకొని ఈల వేసింది, ఆ ఈల వినగానే రైల్వే ఉద్యోగం చేసిన రోజుల్లోలా చెయ్యి జేబులో గడియారం కోసం పోయింది, గడియారం లేదు, గడియారంతో పనీ లేదు. వాన పడమటి నుంచి జల్లు కొట్టకుండా నిలువుగా పడుతోంది, అది ఒక దయ. కట్టెలు తడవలేదు, అది ఇంకొకటి. రాత్రి పనిమనిషి కాశీబాయి తనంతట తానే వరండా చివరి బండ మీది పాచిని కొబ్బరి పీచుతో గీకి కడిగిందట, చెప్పకుండా చేసింది, అది అన్నిటికన్న పెద్దది. భార్య దమయంతి పోయినప్పటి నుంచి ఆయనకు ఈ అలవాటు వచ్చింది, పొద్దున లేవగానే చిన్న చిన్న దయలను ఏరుకోవడం, బియ్యంలో రాళ్ళు ఏరినట్టు కాదు, రాళ్ళలో బియ్యం ఏరినట్టు. హైదరాబాదులో కాలేజీ చదువు చదివే రోజుల్లో ఎవరైనా ఇలా చెబితే నవ్వేవాడు. అప్పుడు ఆయనకు ప్రపంచాన్ని బాగుచేయాలని ఉండేది. ఇప్పుడు ఒక వరండాను బాగుచేయాలని ఉంది. వరండాయే కష్టంగా ఉంది.

ఇదిగో, ఇంత తుడిచి ఇంత కడిగి ఆరబెట్టిన బండల మీద వెంకట్రావు ఛత్రీ నుంచి నీళ్ళు చుక్కలు చుక్కలుగా కారుతున్నాయి. ఆయన నడిమి స్తంభం దగ్గర, నల్లకోటు మీద వానకోటు వేసుకొని, కోర్టుకు ఆలస్యమవుతుందన్న ముఖంతో నిలబడి ఉన్నాడు. ఆదిశేషయ్య గబగబా వెళ్ళి ఛత్రీ అందుకొని వాకిట్లోకి పెట్టి, మోకాళ్ళ మీద కూర్చొని తన ఉత్తరీయంతో ఆ తడి తుడిచాడు.

"శేషయ్య గారూ, నన్ను యముణ్ణి చూసినట్టు చూడకుండ్రి," అన్నాడు వెంకట్రావు కిందికి వంగి, గొంతు తగ్గించి. "నాగన్నను మగోళ్ళ దిక్కు బండల మీది నుంచి లేపింది నేను. ఆ తలకాయ నా ఒళ్ళె ఉండె. మల్ల అసొంటిది నేను చూడలేను."

"తెలుసు వకీల్ సాబ్."

"తెలిస్తె మరి మంచం మీద ఉండనియ్యరేంది వాళ్ళను? మంచం మీద ఉన్నోడు జారి పడతడా?"

పడతాడు వకీల్ సాబ్, అనుకున్నాడు ఆదిశేషయ్య, తుడిచిన చోటనే మళ్ళీ తుడుస్తూ. మంచం మీద ఉన్నవాడు కూడా పడతాడు, కాకపోతే మెల్లగా పడతాడు, చప్పుడు కాకుండా పడతాడు కాబట్టి ఎవరూ పరుగెత్తుకు రారు. నాగన్న జారిపడి పోయిన తర్వాత కమిటీ ఒక కట్టడి చేసింది: కాళ్ళలో సత్తువ లేనివాళ్ళెవరూ మంచం దిగకూడదు, దిగి తిరగాలనేవాళ్ళకు ఇక్కడ చోటు లేదు, దవాఖానకు పంపాలి. మంచి మనసుతో చేసిన కట్టడే. దాని ఫలం ఎండాకాలమంతా చూశాడు. మారోతి వీపు మీద పుండ్లు పడ్డాయి. బీదరు నుంచి వచ్చిన తాతకు తొడలు ఎండిన బెండకాయల్లా అయ్యాయి. ఇస్లాపూర్ వైపు నుంచి వచ్చిన ముత్తెమ్మ, అరవయ్యేళ్ళు నాగలి వెంట నడిచిన మనిషి, మంచంలో కూర్చొని కిటికీ చువ్వలు పట్టుకొని వాకిట్లోకి చూస్తూ ఉండేది. ఒకనాడు మందు ఇవ్వడానికి వెళితే అంది, "సాబ్, నన్ను బర్రెను గట్టేసినట్టు గట్టేస్తిరి. బర్రెనన్న పొద్దుగాల ఇడుస్తరు." అని నవ్వింది. నవ్వుతూ అన్నది కాబట్టే ఆ మాట ఆయనకు అన్నం మీద కూర్చున్నప్పుడల్లా గుర్తొచ్చేది. పరుపులు ఎండలో వేయించాడు, పుండ్లకు వేపాకు నీళ్ళతో కడిగించాడు, ఈగలు రాకుండా కిటికీలకు పల్చటి బట్ట కట్టించాడు, కుండల్లో నీళ్ళు చల్లగా ఉంచడానికి ఇసుక తెప్పించాడు. ఇల్లు శుభ్రంగా ఉంది, చల్లగా ఉంది, అంతా బాగుంది, మనుషులు మాత్రం వాడిపోతున్నారు.

దమయంతి అలా కాలేదు. చివరి నెలల్లో కూడా కాలేదు. ఆమెను ఎత్తుకొని పెరట్లోకి తీసుకుపోతే మొదటి రోజునే మొహం పక్కకు తిప్పుకొని ఏడ్చింది, నొప్పికి కాదు. మర్నాడు అంది, "మీరు నన్ను పట్టుకోవద్దు. నేను పట్టుకునేటందుకు ఏదన్నా ఇయ్యండి." ఏమివ్వాలో తెలియక భుజం మీది ఉత్తరీయం కొస ఇచ్చాడు. ఆయన ముందు, ఆమె వెనక, నడుమ ఆ గుడ్డ. ఎంత మెల్లగా నడిచారో! వేపచెట్టు దాకా పోవడానికి ఒక పూట పట్టినట్టుండేది. మధ్యలో ఆగి, "బండి ఆగింది, ఇంజనుకు నీళ్ళు పెట్టాలె," అనేది. రైల్వే మనిషిని చేసుకున్నందుకు ఆమెకు దక్కిన హాస్యం అది. గుడ్డ బిగువును బట్టి ఆమె ఎలా ఉందో తెలిసేది ఆయనకు, వెనక్కి తిరిగి చూడకుండానే. బిగిస్తే అలసట, వదిలితే ఉత్సాహం. పోయే ముందు వారం దాకా తన కాళ్ళ మీద తాను వేపచెట్టు దాకా వెళ్ళింది. ఆ నెలల గురించి తలచుకుంటే ఆయనకు దుఃఖం రాదు, ఎందుకో గర్వం వస్తుంది, ఇద్దరూ కలిసి ఏదో పెద్ద పరీక్ష రాసి నెగ్గినట్టు.

లోపల చెంబు చప్పుడైంది. ఇంకా కాలేదు.

అనంతలక్ష్మమ్మ మంచానికి కట్టుబడే మనిషి కాదు. నిజామాబాదు వైపు నుంచి వచ్చిన తహసీలు గుమాస్తా పెళ్ళాం, పిల్లలు లేరు, ఆయన పోయాక ఈ నాందేడులోనే నిలిచిపోయింది, పదేళ్ళప్పుడు మొదలుపెట్టిన మడి ఎనభై దగ్గర పడుతున్నా వదల్లేదు. పొద్దున స్నానం, తడిబట్టతో వంటగదికి నడక, తన పొయ్యి మీద తన అన్నం, రోజుకు ఒకపూట. ఆ నడకలో ఆమెను ఎవరూ తాకకూడదు. కాశీబాయి ఎంత మంచిదంటే వేడినీళ్ళు తనే మోసి పెడుతుంది, "మావ్‌శీ, హళూ హళూ," మెల్లగా మెల్లగా అంటూ పక్కనే నడుస్తుంది, చెయ్యి చాస్తుంది, ఆ చేతిని చూడగానే అనంతలక్ష్మమ్మ ఒక అడుగు పక్కకు వేస్తుంది. మొదటిసారి పడ్డది ఆ అడుగు వల్లనే. పట్టుకోవడానికి చాచిన చెయ్యే పడేసింది. అప్పుడు ఆదిశేషయ్య గోడ పొడుగునా వెదురు బొంగు కట్టించాడు. ఇనుప గొట్టం అడిగితే యుద్ధం రోజులు, ఇనుము ఎక్కడిది అన్నారు. వెదురు కట్టించి, తన తెలివికి తానే మురిసి, చాయ్ తాగుతూ కూర్చున్నాడు. అనంతలక్ష్మమ్మ వచ్చింది, బొంగును చూసింది. అందరూ పట్టుకునే బొంగు. మారోతి పట్టుకుంటాడు, ముత్తెమ్మ పట్టుకుంటుంది, దుకాణం నుంచి వచ్చినవాడూ ఆనుకుంటాడు. మడితో దాన్ని ముట్టుకోవడం ఎలా? ఆమె ఏం చేసిందంటే చెంబులో నీళ్ళు తెచ్చుకొని, జానెడు మేర బొంగు మీద చల్లి శుద్ధి చేసి, అక్కడ పట్టుకొని ఒక అడుగు వేసి, మళ్ళీ ముందరి జానెడు మీద చల్లి, మళ్ళీ ఒక అడుగు. బొంగు శుద్ధి అవుతోంది, ఆ నీళ్ళన్నీ బొంగు కింద నున్నటి బండల మీదకు, ఆమె కాలు పెట్టబోయే చోటికే కారుతున్నాయి. సగం దూరంలో రెండోసారి పడింది. పడిపోయి, పండుకొని, పైకప్పు చూస్తూ ఆమె అన్న మొదటి మాట, "చెంబు ఎవరన్న ముట్టుకున్నరా?" ఆ రోజు ఆయన నవ్వాలో ఏడవాలో తెలియక వంటగది వెనక్కి వెళ్ళి రెండూ చేశాడు. పడ్డ సంగతి కమిటీకి తెలిసింది. కట్టడి బిగిసింది.

ఆ బిగింపు మధ్యలోనే గాలి వచ్చింది. మృగశిర కార్తె ముందరి దుమ్ము గాలి, వాకిట్లో ఆరేసిన లింగన్న గొంగడిని ఎత్తి తెచ్చి వరండా నడుమ పడేసింది. లింగన్న గొల్లకురుమ, కిన్వట్ అడవుల అంచున గొర్రెలు కాసి కాసి చూపు మందగించి ఇక్కడికి వచ్చినవాడు, కళ్ళు పోయినా చేతిలో కదురు పోలేదు. అప్పుడే స్నానం చేసి గోడకు ఆనుకొని కాళ్ళు ఈడ్చుకుంటూ వస్తున్న అనంతలక్ష్మమ్మకు ఆ గొంగడి అడ్డం పడ్డది. ఆదిశేషయ్య దూరం నుంచి చూసి, అయ్యో, ఇక మళ్ళీ స్నానం చేయాలి ఈమె, అనుకున్నాడు. ఆమె వంగింది. చేత్తో గొంగడి తీసింది. మడతపెట్టింది. అరుగు మీద పెట్టింది. నడిచిపోయింది. ఏమీ జరగనట్టు! ఆదిశేషయ్య నిలబడ్డచోటనే నిలబడిపోయాడు. ఉన్ని. ఉన్నికి మైల లేదు. చిన్నప్పుడు అమ్మ మడికి ఉన్ని ధావళి కట్టుకొని వండేది, ఉతకని ధావళి, ఎర్రంచు ధావళి, ఎవరు ముట్టుకున్నా మైలపడని ధావళి. ఆ ధావళి కొంగు నోట్లో పెట్టుకొని చప్పరిస్తే గరుగ్గా ఉండేది నాలుకకు. అరవై ఏళ్ళుగా తెలిసిన సంగతి! బొంగు కట్టిస్తున్నప్పుడు ఎక్కడికి పోయింది ఈ జ్ఞానం, తన ఇంటి జ్ఞానం, తన తల్లి ఒంటి మీద చూసిన జ్ఞానం? ఆ సాయంత్రమే అనంతలక్ష్మమ్మ వంటగది బయట నిలబడి అడిగాడు. "ఉన్నితో తాడు పేనిస్తే పట్టుకుంటారా అమ్మా? అందరూ పట్టుకునే తాడే." ఆమె తలుపు సందులోంచి చూసింది. "ఉన్నికి మైలేంది నాయనా," అంది, "ఎవరన్న పట్టుకోనీ," అంది, "కానీ నాకోసం అని ఎవరికీ చెప్పకు," అంది.

తర్వాతి రోజులు పండుగలా గడిచాయి. లింగన్నకు ఉన్ని కావాలంటే బజారు నుంచి మూటలు వచ్చాయి. ఎందుకో తెలియకముందే పేనడం మొదలుపెట్టి, తెలిశాక రెట్టింపు పేనాడు. "బాపనమ్మ చెయ్యి వట్టుకునే తాడు సాబ్, నా పెండ్లికి గూడ గింత మంచిగ పేనలే," అన్నాడు. మూడు పేటలు కలిపి ముంజేతి లావు చేశాడు. ఉన్ని సాగుతుందని తడిపి, విసుర్రాయి కట్టి, దూలానికి వేలాడదీశారు, సాగాల్సినంత సాగి బిగిసింది. ఈ వాడా, ఈ పెద్ద లోగిలి, ఒకప్పుడు పత్తి షావుకారుది, స్తంభాలకు గుర్రాలను కట్టే ఇనుప కడియాలు ఇంకా ఉన్నాయి, తాడును ఆ కడియాల్లోంచి దూర్చి స్తంభం స్తంభానికి ముడి వేశారు. ఎత్తు ఎంత ఉండాలి? ముందు తన నడుము ఎత్తున కట్టించాడు, కట్టి చూస్తే తప్పు, వాళ్ళ నడుములు తన నడుము లాంటివి కావు. ఒక మధ్యాహ్నం తానే వంగి, కళ్ళు మూసుకొని, వణుకుతూ వరండా పొడుగునా నడిచి చూశాడు. కిటికీలోంచి ముత్తెమ్మ పకపకా నవ్వింది. "ఏంది సాబ్, ఇంత జల్ది ముసలోనివైతివి?" ఆ నవ్వుతో తాడు జానెడు కిందికి దిగింది. బండల నునుపు తీయడానికి విసుర్రాళ్ళకు గంట్లు పెట్టే ఆమెను పిలిపించి, తాడు పొడుగునా ఒక బారు వెడల్పు మేర సన్నగా గంట్లు పెట్టించాడు. ఉలి చప్పుడు వినబడుతున్నంతసేపూ ముసలివాళ్ళందరూ మంచాల్లోంచి లేచి కూర్చొని విన్నారు, బయట ఏదో మొదలవుతోందని.

గొళ్ళెం తీసిన చప్పుడు.

"అందరు మొఖాలు అటు తిప్పుకోండి," అనంతలక్ష్మమ్మ గొంతు. సన్నగా ఉంది గాని వరండా అంతా పట్టింది. "తడిబట్ట మీద ఉన్న. ఆడమనిషిని చూసే పద్ధతేనా ఇది?"

వెంకట్రావు తడబడ్డాడు. చూడటానికే వచ్చిన మనిషి. "శేషయ్య గారూ, చూడకుంటె ఎట్ల తెలుస్తది?" అని గొణిగాడు, గొణుగుతూనే స్తంభం వదిలి పక్కకు జరిగి వాకిటి వైపు తిరిగిపోయాడు. ఎంత వకీలైనా ఆ గొంతు ముందు అతనూ పిల్లవాడే. ఆదిశేషయ్య గోడ వైపు తిరిగాడు. ముక్కుకు ఆనేంత దగ్గరలో సున్నం, సున్నంలో పగులు, పగుల్లోంచి ఒక చీమ. బాగుంది. ఇక చెవులే. కాశీబాయి ఒక్కతే చూస్తుంది, ఆడది కాబట్టి, ఆమెకు నోరు విప్పవద్దని నిన్ననే చెప్పాడు, చేతులు వెనక కట్టుకొని వాకిట్లో వానలో నిలబడి ఉంది పాపం. కానీ ముత్తెమ్మకు ఎవరూ ఏమీ చెప్పలేదు, ముత్తెమ్మకు కిటికీ ఉంది.

"వట్టుకుంది!" అంది ముత్తెమ్మ కిటికీలోంచి. "అమ్మ తాడు వట్టుకుంది!"

మొదటి కడియం కిర్రుమంది. ఆదిశేషయ్య కళ్ళు మూసుకున్నాడు. తాడు బిగువు చెవులకు తెలుస్తోంది, ఎంత చిత్రం, వెనక్కి తిరిగి చూడకుండా బిగువును బట్టి మనిషిని చదవడం తనకు కొత్తదా? తడి పాదం బండ మీద ఆనే చప్పుడు, కాదు, రెండు చప్పుళ్ళు, ఆనడం ఒకటి, గంట్లు పట్టుకోవడం ఒకటి. మళ్ళీ కడియం. మళ్ళీ. వాన చప్పుడు కింద ఆ చిన్న కిర్రు కిర్రు దూరాన బండి పట్టాల మీద వస్తున్నట్టు, స్టేషనులో అందరికన్న ముందు తనకు మాత్రమే వినబడేది, పట్టా సన్నగా పాడేది, అప్పుడు లేచి టోపీ పెట్టుకునేవాడు, వస్తోంది, వస్తోంది, ఎక్కడినుంచో బయలుదేరిన వాళ్ళందరూ చేరుకోబోతున్నారు.

ఆగిపోయింది.

కడియం లేదు, అడుగు లేదు. వాన ఒక్కటే. చీమ సున్నం పగులు దాటి అటు వెళ్ళిపోయింది. నడిమి స్తంభం దగ్గర అయి ఉంటుంది, అక్కడ చూరు కొంచెం పొట్టిది, జల్లు లోపలికి కొడుతుంది. తాడు అక్కడ తడిసి ఉంటుంది. తడిసిన ఉన్నికి వేరే శాస్త్రం ఏమైనా ఉందా? ఉంటే? ఇంత ఆలోచించి ఇది ఆలోచించలేదు! వెంకట్రావు గొంతు సవరించుకున్నాడు. బయట టాంగా గుర్రం తల విదిలించింది.

"ఇక్కడ తడిసింది," అంది అనంతలక్ష్మమ్మ. వాసన చూస్తున్నట్టు ముక్కు ఎగబీల్చిన చప్పుడు. "గొర్రె వాసన! లింగన్నా, నీ గొర్రెలకు ఎన్నడన్న నీళ్ళు పోసినవా?"

మగవాళ్ళ గదిలోంచి లింగన్న గొంతు ఉరుములా వచ్చింది. "నీ తీరుగ పొద్దుకొక్కసారి పోయకపోతిని గని, పోసిన్నమ్మా!"

గదులన్నీ నవ్వాయి. ఆ నవ్వు మీదనే కడియం మళ్ళీ కిర్రుమంది, ఆదిశేషయ్య ఊపిరి వదిలాడు, వదిలిన ఊపిరి సగంలో ఉండగానే బండ మీద పాదం సర్రుమని జారింది. సర్రుమన్న వెంటనే తాడు దబ్బుమని బిగిసింది, ఈ కొస నుంచి ఆ కొస దాకా అన్ని కడియాలూ ఒక్కసారే ఝల్లుమన్నాయి, ఆయన వీపు పక్కనున్న స్తంభం కూడా అదిరింది. "అగ బాయీ!" అంటూ కాశీబాయి అడుగు ముందుకు వేసిన చప్పుడు. ఆదిశేషయ్య గోడ వైపే తిరిగి ఉండి చెయ్యి మాత్రం పైకెత్తి అడ్డంగా ఊపాడు. వద్దు. వద్దు కాశీబాయీ. తాడును చేయనీ. ఆ క్షణం ఎంత పొడుగ్గా ఉందో ఆయనకు తర్వాత ఎప్పుడూ చెప్పడం రాలేదు. అందులో నాగన్న తల పట్టింది, మారోతి వీపు పట్టింది, తొలిసారి ఉత్తరీయం కొస అందుకున్న సన్నటి వేళ్ళు పట్టాయి, ఎవరినీ పడనివ్వకుండా నిలబెట్టాలని మనుషులు పుట్టినప్పటి నుంచి ఒకరికొకరు అందించుకున్న కొసలన్నీ, కొంగులు, కర్రలు, మోకులు, భుజాలు, అన్నీ పట్టాయి.

"ఏం గాలే," అంది అనంతలక్ష్మమ్మ. ఆయాసంగా ఉంది గొంతు. ఆయాసం కింద నవ్వుంది. "ఏం గాలే. నిలవడ్డ."

"నిలవడ్డది! ఏలాడవడ్డది గని నిలవడ్డది!" ముత్తెమ్మ కిటికీ చువ్వలు గిలక్కొట్టింది.

తర్వాతి అడుగులు వేరు. ముందరివి అడుగుతూ వచ్చిన అడుగులు, ఇవి చెబుతూ వచ్చినవి. జారి, పడకుండా, తన చేత్తో తాను నిలిచిన మనిషి అడుగులు. కడియాలు ఒకదాని వెనక ఒకటి పలికాయి, చిట్టచివరి కడియం ఆయన చెవి పక్కనే పలికింది, తడిచీర తేమ, విభూది వాసన, గొర్రె వాసన కలిసి ఆయనను దాటాయి. గడప దాటిన పాదం. రెండో పాదం. వంటగది తలుపు ఆయన వెనక ఠప్పున మూసుకుంది. నలుగురి ముందూ గెలిచి, నలుగురి ముఖాన తలుపు వేసిన ఆ చప్పుడు విని ఆదిశేషయ్యకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. డోలు ఇక తట్టి చూసుకోవడం లేదు. ఎత్తుకుంది. సన్నాయి కూడా ఎత్తుకుంది. ఆయన గోడ మీద నుదురు ఆనించి, సున్నం అంటుకున్నా పట్టించుకోకుండా, హాయిగా నవ్వుకున్నాడు.

ఇటు తిరిగేసరికి వెంకట్రావు తాడు దగ్గర నిలబడి ఉన్నాడు. కోర్టు మనిషి, సాక్ష్యం చేత్తో పట్టుకొని చూడందే నమ్మడు. నడిమి స్తంభం దగ్గర రెండు చేతులతో తాడు పట్టుకొని, తన బరువంతా వేసి వెనక్కి వాలాడు. తాడు ఆయనను కూడా నిలబెట్టింది. తన బూటుతో గంట్లు పెట్టిన బండను రుద్ది చూశాడు. ఇటు తిరిగి కోపంగా మాట్లాడాడు.

"మగోళ్ళ దిక్కు ఎందుకు గట్టియ్యలేదు?"

"ఉన్ని అయిపోయింది వకీల్ సాబ్."

"అయిపోతె? దేశంల గొర్రెలు లేవా? నాగన్న పడ్డది ఆ దిక్కే గదా!" అని అరిచి, ముఖం వాన వైపు తిప్పుకున్నాడు. అటే చూస్తూ అన్నాడు, "మంచాలు దిగనియ్యుండ్రి. అందరిని. టాంగవాణ్ణి ఆగమనుండ్రి, నేనే పోత కోర్టుకు."

వంటగది పైకప్పు సందుల్లోంచి పొగ లేచింది, తడి గాలిలో పైకి పోలేక వాకిట్లోకి వాలింది. ఆ పొగలో నిలబడి ఆదిశేషయ్య వెంకట్రావు చేతులు పట్టుకున్నాడు. ఇద్దరు పెద్దమనుషులు వరండా నడుమ చేతులు పట్టుకొని ఊరికే నిలబడ్డారు. వెనక గదిలో మంచం కిర్రుమంది, ఏదో కిందపడింది, కాశీబాయి "అహో, థాంబా థాంబా," ఆగు ఆగు అంటూ లోపలికి పరుగెత్తింది, తలుపు గోడకు కొట్టుకుంది. ముత్తెమ్మ. ఎండాకాలమంతా నేలను ముట్టని పాదాలు గడప మీద, వెడల్పు పాదాలు, నాగటిచాలులో నడిచిన పాదాలు, వణుకుతున్నాయి. కాశీబాయి చెయ్యి పక్కకు నెట్టి తాడు అందుకుంది.

వంటగది తలుపు వెనక నుంచి అనంతలక్ష్మమ్మ కేక వేసింది. "ముత్తెమ్మా! రెండు చేతులతోటి పట్టుకో. నడిమిట్ల జారుతది, అక్కడ ఒక్క గడియ నిలబడు."

"సరేనమ్మా!" అని ముత్తెమ్మ ఒక అడుగు వేసింది, ఇంకొకటి వేసింది, తల ఎత్తి చూసింది. దారికి అడ్డంగా మేనేజరు, కమిటీ పెద్ద.

"జరుగుండ్రి," అంది. "తొవ్వకు అడ్డం నిలవడితె మనుషులు నడిచేదెట్ల?"

ఇద్దరూ గభాల్న చేతులు వదిలేసి, చెరోవైపు గోడకూ స్తంభానికీ అతుక్కుపోయి దారి ఇచ్చారు.